మిర్చి ఘాటు తెలిసిన మనుషులు

సుబ్బరావమ్మ పుట్టి బుద్ధెరిగాక దగ్గి ఎరగదు. ఈ సంగతి అడిగినవాళ్లకీ చెబుతుంది, అడగనివాళ్లకి ఇంకా ఎక్కువ చెబుతుంది. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీ షెడ్లలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు బోలెడుమంది. కానీ ఎర్రటి గుట్ట మధ్యలో ముక్కుకి గుడ్డయినా అడ్డం పెట్టుకోకుండా పొద్దుట్నించి సాయంత్రం దాకా కూర్చుని, పైగా ఊళ్లోవాళ్ల సంగతులన్నీ గొంతెత్తి చెప్పగలిగిన మనిషి తనొక్కతేనని ఆవిడ నమ్మకం. నమ్మకమేమిటి, గర్వమే. మనిషన్నాక ఏదో ఒక గర్వం ఉండాలి కదా. ఆవిడకి పొలం లేదు, చదువు లేదు, మెడలో చెప్పుకోదగ్గ బంగారం లేదు. ఉన్నదల్లా ఆ గట్టి ఊపిరితిత్తులూ, వాటికి తగ్గ నోరూ.

పుట్టిల్లు పర్చూరు దగ్గర ఒక పల్లె. పొగాకు ఆకులు గుచ్చే పనిలోనే పెరిగింది. పెళ్లయి గుంటూరు పక్క ఊరికి వచ్చింది. మొగుడు బుల్లయ్య మాట తక్కువ మనిషి కావడంతో ఆ ఇంటికి కావలసిన మాటలన్నీ ఈవిడే మాట్లాడింది. ఇద్దరూ పొలం కౌలుకి తీసుకుని పత్తి వేశారు. ఆయన మందు డబ్బా వీపుకి తగిలించుకుని కొడుతుంటే, ఈవిడ బిందెలతో నీళ్లు మోసుకొచ్చి మందు కలిపేది. కర్ర దొరక్కపోతే చేత్తోనే కలిపేసేది. ఎంత కొట్టినా పురుగు చావలేదు, పత్తి మాత్రం చచ్చింది. కౌలు వదిలేసి ఆయన గేదెలు మేపుకోవడంలో పడ్డాడు, ఈవిడ మిరపకాయల షెడ్డులో చేరింది. నోరున్న మనిషి కనక కొన్నేళ్లకే ఆడవాళ్ల ముఠాకి మేస్త్రి అయింది.

మేస్త్రి అంటే పెద్ద ఉద్యోగమేమీ కాదు. పొద్దున్నే ఊళ్లో ఆడవాళ్లని పోగుచేసి ఇలియాస్ ఆటోలో కుక్కి షెడ్డుకి చేర్చాలి. తొడిమ సరిగా తీయలేదని గుమాస్తా గొణిగితే అతని మీద లేవాలి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పాలి. ఈ ఆఖరిది వినడానికి చిన్న సంగతిలా ఉంటుంది గానీ, అసలు అధికారమంతా అందులోనే ఉంది. ఎందుకంటే ఆ షెడ్డుకి గాలి వచ్చేది షట్టర్ వైపు నుంచి మాత్రమే. షట్టర్ దగ్గర కూర్చున్నవాళ్లకి గాలి, లోపలివాళ్లకి దుమ్ము. సుబ్బరావమ్మ లెక్కలో షట్టర్ దగ్గర చోటు పాతవాళ్లది. కొత్తవాళ్లూ, దగ్గేవాళ్లూ లోపలే కూర్చోవాలి. "దగ్గేదాన్ని గాలికి కూర్చోబెడితే ఇంక జన్మలో అలవాటు పడదు" అనేది ఆవిడ వైద్యం.

ఆ ముఠాలో ఒక ఆచారం కూడా ఉంది. పనిలోకి కొత్తగా వచ్చిన మనిషిని మొదటిరోజు గుట్టకి నడిమధ్యన కూర్చోబెడతారు. గోతాం కుమ్మరించినప్పుడల్లా లేచే ఎర్ర దుమ్ము సరిగ్గా అక్కడికే వస్తుంది. ఆ మనిషి మొదటి దగ్గు దగ్గగానే అందరూ "దగ్గిందమ్మోయ్!" అని ఒక్క కేక పెట్టి పని ఆపేస్తారు. ఆ పూట అందరికీ టీ ఆ కొత్త మనిషే ఇప్పించాలి. కళ్లనీళ్లు కారుతూ, ముక్కు చీదుకుంటూ కొత్త మనిషి టీకి పురమాయిస్తుంటే మిగతావాళ్లు పడీపడీ నవ్వుతారు. ఆ మర్నాటి నుంచి దగ్గితే టీ ఉండదు, సుబ్బరావమ్మ నోరు ఉంటుంది. "మిరపకాయల ఘాటుకి ఇంతవరకూ ఎవరూ చావలేదే. నువ్వేమన్నా అద్దాల మేడలో పుట్టావా?" అంటుంది.

కోటేశ్వరి ఆ ముఠాలోకి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ముప్ఫై ఏళ్ల మనిషి. మొగుడు తుళ్లూరు వైపు బిల్డింగుల పనికి పోయి వారానికోసారి ఇంటికొస్తాడు. కోటేశ్వరి వేళ్లు మహా చురుకు. పక్కవాళ్లు ఒక గంప నింపేలోపు తను రెండు నింపుతుంది. కానీ దగ్గు మాత్రం మిగతావాళ్లకి తగ్గినట్టు ఆమెకి తగ్గలేదు. మధ్యాహ్నానికల్లా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. ఒకసారి నెమ్మదిగా అడిగింది, "పిన్నీ, కాసేపు షట్టర్ దగ్గర కూర్చోనా?" అని. "షట్టర్ దగ్గర కూర్చోడానికి నువ్వేమన్నా ఓనరు గారి కోడలివా?" అంది సుబ్బరావమ్మ. ముఠా అంతా నవ్వింది. కోటేశ్వరి మళ్లీ అడగలేదు. అప్పుడప్పుడు లేచి షెడ్డు వెనక్కి పోయి కాసేపటికి తిరిగి వచ్చేది. మొగుడితో ఫోను మాట్లాడుకోవడానికి పోతోందనుకుని దానికీ నాలుగు తిట్లు తిట్టేది సుబ్బరావమ్మ.

శ్రావణమాసంలో షెడ్డు పని కాస్త పలచబడింది. ముఠా ఆడవాళ్లంతా ఉజ్జయిని, ఓంకారేశ్వరం చూసి రావాలని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. దారి చూపించడానికి ఇలియాస్‌నే తోడు తీసుకున్నారు. ఆటో కొనుక్కోకముందు అతను మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకుని నాగపూర్, భోపాల్, ఇండోర్ దాకా లారీ తోలినవాడు. హిందీ గలగలా మాట్లాడతాడు. "దేవుడు మీవాడు, దారి నాది. ఎవరి పని వాళ్లం చూసుకుందాం అక్కా" అన్నాడు బయల్దేరే ముందు.

దర్శనాలు బాగా జరిగాయి. ఇంట్లో ఎవరికీ వండిపెట్టే పని లేకపోయేసరికి ఆడవాళ్లకి ఎక్కడలేని నవ్వూ వచ్చింది. రైల్లో నవ్వారు, రేవులో నవ్వారు, జల్లెడలాంటి లాడ్జి దుప్పట్లు చూసి నవ్వారు. నవ్వించేది ఎప్పటిలాగే సుబ్బరావమ్మ, ముందుగా నవ్వేది ఎప్పటిలాగే ఆవిడ పక్కన ఉండే రాఘవమ్మ. తిరుగు ప్రయాణంలో పొద్దున భోపాల్‌లో దిగారు. ఇంటికి పోయే బండి సాయంత్రం. బయట ముసురు పట్టింది. రాఘవమ్మ చీరలు చూద్దామంది. "చీరాల పక్కన పెట్టుకుని ఇక్కడికొచ్చి చీరలు కొంటామా?" అని సుబ్బరావమ్మ ఆ మాట కొట్టిపారేసింది. అప్పుడు ఇలియాస్, "ఇక్కడ గ్యాస్ దుర్ఘటన మ్యూజియం ఒకటుంది. లారీ రోజుల్లో ఆ సందు పక్కనే సరుకు దించేవాణ్ని. ఎప్పుడూ లోపలికి పోలేదు. చూద్దామా?" అన్నాడు. వానకి తలదాచుకోవడానికి ఏదో ఒక కప్పు కావాలి కదా అని అందరూ సరేనన్నారు.

మ్యూజియం అంటే రాజుల కత్తులూ, పెద్ద పెద్ద కుర్చీలూ ఉంటాయని సుబ్బరావమ్మ ఊహ. తీరా చూస్తే అది మామూలు ఇల్లంత ఉంది. అద్దాల వెనక పెట్టినవి కూడా మామూలు ఇళ్లలో ఉండే వస్తువులే. చిన్నపిల్ల గౌను, ఊలు స్వెట్టరు, జత లేని చెప్పు, సొట్టపడిన టిఫిన్ డబ్బా. "ఇవి మనిళ్లల్లో లేవా? మన అటక మీద సామాను పెడితే ఇంతకంటే పెద్ద మ్యూజియం అవుద్ది" అని ఆవిడ రాఘవమ్మ చెవిలో అంది. చెవిలో అనడమంటే సుబ్బరావమ్మ విషయంలో గదంతా వినపడేలా అనడమే. రాఘవమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

గోడమీది ఫోటోలు చూపిస్తూ ఇలియాస్ తనకు తెలిసింది చెప్పాడు. నలభై ఏళ్ల కిందట, డిసెంబరు చలిలో, పురుగుమందుల ఫ్యాక్టరీలోంచి విషవాయువు బయటికొచ్చి నిద్రపోతున్న ఊరిమీద పడింది. వేలమంది పోయారు. ఎంతమంది పోయారన్నది ఇప్పటికీ ఒకరు చెప్పిన లెక్క ఇంకొకరు ఒప్పుకోరు. బతికినవాళ్లలో చాలామందికి ఊపిరి సరిగా ఆడదు.

"పురుగుమందంటే మనం పత్తికి కొట్టేదేనా?" అని అడిగింది సుబ్బరావమ్మ.

"ఆ జాతిదే అక్కా."

"నేను చేత్తో కలిపాను రా దాన్ని. నాకేమన్నా అయిందా?"

ఇలియాస్ పక్క ఫోటో దగ్గరికి నడిచాడు. ఆవిడ దానికి జవాబు ఆశించలేదు.

లోపలి గదిలో గోడకి పాతకాలపు ఫోన్లు వేలాడుతున్నాయి. రిసీవర్ తీసి చెవికి పెట్టుకుంటే, పైన ఫోటోలో ఉన్న మనిషి గొంతే వినిపిస్తుంది. మూలగా కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలావిడ ఒళ్లో గుడ్డసంచీ పెట్టుకుని కూర్చుని ఉంది. ఊడ్చే మనిషి కాబోలనుకున్నారు అందరూ. ఇలియాస్ ఒక ఫోను తీశాడు. ముఠా చుట్టూ మూగింది. అతను విన్నది విన్నట్టు తెలుగులో చెప్పసాగాడు.

"ఒకామె మాట్లాడుతోంది. 'దగ్గుతో మెలకువ వచ్చింది' అంటోంది. 'కళ్లు మండుతున్నాయి, గొంతు మండుతోంది. ఎవరో మిరపకాయలు కాలుస్తున్నారనుకున్నాం' అంటోంది."

సుబ్బరావమ్మకి కావలసింది ఇంతే.

"ఓస్! మిర్చి ఘాటుకేనా ఊరంతా లేచింది?" అంది సుబ్బరావమ్మ, షెడ్డులో ఎంత గొంతుతో అంటుందో అంత గొంతుతో. "మన షెడ్డులో ఒక్కపూట కూర్చోబెడితే ఏమైపోయేవాళ్లో పాపం! ముందే గుంటూరు మిర్చి తెప్పించి అలవాటు చేసుకోవాల్సింది!"

రాఘవమ్మ పక్కున నవ్వింది. ఆమె వెనకే అందరూ నవ్వారు. అది హాస్యమా కాదా అని ఎవరూ ఆలోచించలేదు. మేస్త్రి మాటకి నవ్వడం వాళ్లకి తొడిమ తీసినంత అలవాటు. ఆ చిన్న గదిలో ఆ నవ్వు మరీ పెద్దగా వినిపించింది. కోటేశ్వరి చేత్తో నోరు మూసుకుంది. నవ్వాపుకుంటోందనుకుంది సుబ్బరావమ్మ.

ఇలియాస్ నవ్వలేదు. రిసీవర్ చెవికి ఇంకా గట్టిగా అదుముకుని గోడకేసి చూస్తూ వింటున్నాడు. విన్నంతసేపు విని దాన్ని తగిలించేశాడు.

"తర్వాతేమయిందిరా?" అంది సుబ్బరావమ్మ.

"ఏం లేదక్కా. పదండి, పక్క గది చూద్దాం."

"మధ్యలో ఆపేస్తే ఎట్లారా? చెప్పు."

ఇలియాస్ ఆవిడ మొహంలోకి చూడకుండా చెప్పాడు. "ఆమె పక్కింట్లో రహమతున్నీసా అని ఉండేదంట. ఆ సాయంత్రం రహమతున్నీసా బిడ్డకి జ్వరం వచ్చింది. 'దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసిందనుకున్నాను' అంటోంది. 'నాకు ఒళ్లు మండిపోయింది. గోడమీద గుద్ది నోటికొచ్చినట్టు తిట్టాను. నీ బిడ్డ బతకాలని మమ్మల్ని చంపుతావా అన్నాను. రోజూ మాటకి మాట అప్పజెప్పే మనిషి, ఆ రాత్రి పలకలేదు. వీధిలో అరుపులు విని తలుపు తీశాక తెలిసింది, అది మిరపకాయలు కాదని. మా ఇంట్లోంచి నలుగురం పరిగెత్తాం. చెరువుగట్టుకి చేరింది నేనొక్కదాన్నే. తర్వాత ఇంటికి వచ్చి చూస్తే రహమతున్నీసా ఆ గోడ పక్కనే పడి ఉంది. బిడ్డ ఒళ్లోనే ఉంది. పొయ్యిలో నిప్పు వేసిన గుర్తే లేదు. నేను గుద్దుతున్నప్పుడు ఆమెకి వినపడిందో లేదో నాకు తెలియదు. వినపడి ఉంటే, ఆమె విన్న ఆఖరి మాట నా తిట్టే.' అంతే అక్కా. అక్కడితో అయిపోయింది."

పిల్లలకి జ్వరమొస్తే ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేయని ఆడది వాళ్లలో ఒక్కతె లేదు. పక్కింటిదాన్ని గోడమీదుగా తిట్టని ఆడది అసలే లేదు. రాఘవమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. సుబ్బరావమ్మకి మాత్రం కళ్లనీళ్లు రాలేదు. ఆవిడకి సిగ్గు వచ్చింది. ఒళ్లంతా వేడెక్కి, చెవులు భగభగమన్నాయి. అంతమంది బలైన ఊళ్లో నిలబడి, వాళ్ల చావుని పట్టుకుని తను పదిమందినీ నవ్వించింది. ఆ మాట ఇంకెవరో అని ఉంటే బాగుండుననిపించింది. కానీ అన్నది తనే, అందరూ విన్నారు.

కిటికీ పక్కన కుర్చీ చప్పుడయింది. ముసలావిడ లేచి వీళ్ల దగ్గరికి వస్తోంది. సన్నటి మనిషి. నాలుగు అడుగులకే ఆయాసపడుతోంది. వచ్చి ఇలియాస్‌ని ఏదో అడిగింది. ఆ గొంతు వినగానే ఇలియాస్ మొహం పాలిపోయింది.

"అక్కా, ఫోన్లో మాట్లాడింది ఈమే" అన్నాడు. "పేరు షహనాజ్ అంట."

షహనాజ్ మళ్లీ ఏదో అంది. ఆ హిందీలో సుబ్బరావమ్మకి రెండే మాటలు అర్థమయ్యాయి, "గుంటూర్" అనీ "మిర్చీ" అనీ. అంటే ఇందాకటి మాటలు ఆవిడ చెవిన పడ్డాయన్నమాట. ఇక నవ్వు అర్థం కావడానికి ఏ భాషా రానక్కర్లేదు. ఇలియాస్ తడబడుతూ ఏదో బదులు చెప్పాడు. వెంటనే షహనాజ్ మొహం విచ్చుకుంది. సుబ్బరావమ్మ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఏమడిగింది రా?" అంది సుబ్బరావమ్మ.

"గుంటూరు మిర్చి అన్నారు కదా, ఆ అక్క ఏం చెప్పింది, అందరూ ఎందుకు నవ్వారు అని అడిగింది."

"నువ్వేం చెప్పావు?"

ఇలియాస్ గొంతు తగ్గించాడు. "'మాది మిర్చి పండే నేల, ఘాటంటే ఏమిటో మాకు తెలుసు, మీ బాధ మాకర్థమయింది' అని నువ్వన్నావని చెప్పాను. నవ్వు సంగతి అడిగితే, మావాళ్లు ఏడ్చినా అట్లాగే ఉంటదని చెప్పాను. ఇంకేం చెప్పమంటావు నన్ను?"

నిజమే, ఇంకేం చెబుతాడు? పరాయి ఊళ్లో తన మేస్త్రక్క తల దించుకోకుండా కాపాడాననుకున్నాడు పాపం. కానీ సుబ్బరావమ్మకి ఆ అబద్ధం చెంపదెబ్బలా తగిలింది. షహనాజ్ ఆ చెయ్యి వదలకుండా మాట్లాడుతూనే ఉంది. ఇలియాస్ చెబుతున్నాడు. "ఇక్కడికి ఎవరెవరో వస్తారంట. వాళ్లందరికీ ఆ మంట ఎట్లా ఉంటదో చెప్పి చెప్పి ఈమె అలిసిపోయిందంట. 'మీకు చెప్పే పనే లేదు. మీరు తెలిసినవాళ్లు. ఇన్నేళ్లకి తెలిసినవాళ్లు వచ్చారు' అంటోంది."

మాట పూర్తి కాకుండానే షహనాజ్‌కి దగ్గు తెర వచ్చింది. వంగిపోయి దగ్గింది. సంచీలోంచి నోట్లో పెట్టుకుని పీల్చే మందు తీసి ఒకసారి పీల్చింది. వెంటనే రెండోసారి పీల్చబోయింది.

"ఆగమను ఇలియాసన్నా" అంది కోటేశ్వరి గబుక్కున. "వెంటవెంటనే పీల్చకూడదు. ఒక నిమిషం ఆగి పీల్చాలి."

అందరూ ఆమె వైపు తిరిగారు. కోటేశ్వరి జాకెట్లోంచి చేతిరుమాలు మూట తీసింది. ముడి విప్పింది. అందులో అచ్చం అలాంటి మందే ఉంది. దాన్ని షహనాజ్‌కి చూపించింది. షహనాజ్ దాన్ని చూసి, కోటేశ్వరిని చూసి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరూ ఒక భాష మాట్లాడేవాళ్లలా ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు.

సుబ్బరావమ్మ ఆ రుమాలు కేసే చూస్తోంది. షెడ్డు వెనక్కి పోయేది దీనికా? మొగుడితో ఫోను కాదా? తన కింద పనిచేసే మనిషి, తను అమ్మలక్కలందరి ముందూ "పిన్నీ" అని పిలిపించుకునే మనిషి, ఊపిరి పీల్చుకోవడానికి దొంగలా గోడచాటుకి పోవాల్సి వచ్చింది. ఎవరికి భయపడి? తనకి. తన నోటికి. ఇందాకటి సిగ్గు దీని ముందు ఏపాటిది? ఇందాక తెలియక వాగింది. షెడ్డులో మాత్రం ఆ పిల్లికూతలు రోజూ చెవులారా వింది. విని కూడా లోపలే కూర్చోమంది.

షహనాజ్‌కి ఊపిరి కుదుటపడింది. సుబ్బరావమ్మకేసి తిరిగి ఒక ప్రశ్న అడిగింది. చాలా ఆశగా అడిగింది.

ఇలియాస్ చెప్పాడు. "'డాక్టర్లు నలభై ఏళ్లుగా ఏవేవో ఇస్తున్నారు, ఏదీ పూర్తిగా పనిచేయలేదు. మీరు రోజూ ఘాటులోనే కూర్చుంటారు కదా. మీలో ఎవరికన్నా ఊపిరాడకపోతే మీరేం చేస్తారు? మీ పెద్దవాళ్లు ఏం చేసేవాళ్లు?' అని అడుగుతోంది అక్కా."

ముఠా అంతా సుబ్బరావమ్మ మొహంలోకి చూసింది. ఊపిరాడని మనిషికి ఏం చేస్తారో వాళ్లందరికీ తెలుసు. కేక పెడతారు. టీ ఇప్పించమంటారు. నవ్వుతారు. రాఘవమ్మ నేలచూపులు చూస్తోంది. సుబ్బరావమ్మ నోరు తెరిచింది గానీ అందులోంచి మాట రాలేదు. అలాంటిది ఆవిడ విషయంలో మునుపెన్నడూ జరగలేదు.

"నే చెబుతానన్నా" అంది కోటేశ్వరి. "మా పిన్ని ఉందే, ఎవరికన్నా ఆయాసం వస్తే వెంటనే పని ఆపిస్తది. గాలొచ్చే చోట కూర్చోబెడతది. మంచినీళ్లు ఇస్తది. తగ్గిందాకా లేవనీదు. అట్లా చెప్పు."

ఇలియాస్ ఒక్క క్షణం కోటేశ్వరి మొహం చూశాడు. తర్వాత అలాగే చెప్పాడు. షహనాజ్ తలూపుతూ విన్నది. విని, సుబ్బరావమ్మ చెయ్యి ఎత్తి తన కళ్లకద్దుకుంది. "'ఆ రాత్రి మా వీధిలో మీలాంటి మనిషి ఒక్కరుంటే' అంటోంది" అన్నాడు ఇలియాస్.

ఇంతకాలం ఎవరేమన్నా సుబ్బరావమ్మ దులిపేసుకుంది. గుమాస్తా తిట్లూ, ఊళ్లోవాళ్ల ఎత్తిపొడుపులూ ఆవిడ ఒంటికి అంటలేదు. ఈ మెప్పు మాత్రం భరించలేకపోయింది. తను తిట్టిన మనిషే తనని కాపాడుతోంది. తను ఎగతాళి చేసిన మనిషి తన చెయ్యి కళ్లకద్దుకుంటోంది. నోరు మూసుకుని ఊరుకుంటే ఈ గదిలోంచి దేవతలా బయటికి పోవచ్చు. సాయంత్రం బండెక్కితే షహనాజ్ మళ్లీ జన్మలో కనపడదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు.

"అబద్ధం" అంది సుబ్బరావమ్మ. "ఇలియాసూ, అబద్ధమని చెప్పు."

"ఎందుకక్కా ఇప్పుడు? అయిపోయింది కదా."

"చెప్పమన్నానా! ఈసారి నీ సొంతం ఏదీ కలపొద్దు. దగ్గితే నేను తిడతానని చెప్పు. దీన్ని ఒక్కరోజు కూడా గాలికి కూర్చోనివ్వలేదని చెప్పు. అడిగితే అందరి ముందూ ఎగతాళి చేశానని చెప్పు. ఇందాక మేం ఏడవలేదు, నవ్వాం. ఆమె మాట విని అందర్నీ నవ్వించింది నేనేనని చెప్పు. అన్నీ చెప్పు."

ఇలియాస్ చెప్పాడు. మొదట నసిగాడు, తర్వాత మామూలుగానే చెప్పాడు. షహనాజ్ మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. సుబ్బరావమ్మ ఆమె మొహం కేసే చూస్తూ నిలబడింది. తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది. షహనాజ్ తిట్టలేదు. చేతులు మాత్రం మెల్లగా వెనక్కి తీసుకుంది. నెమ్మదిగా ఏదో అంది.

"ఏమంది?"

ఇలియాస్ తెలుగులో చెప్పాడు. "'నేను తిట్టిన మనిషి గోడవతల చచ్చిపోయింది. నువ్వు తిట్టిన మనిషి నీ పక్కనే నిలబడి ఉంది. ఇదంతా నాకెందుకు చెబుతున్నావు?' అంటోంది."

షహనాజ్ వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

సుబ్బరావమ్మ కోటేశ్వరి వైపు తిరిగింది. తిట్టాలంటే నాలుక చివరే ఉండే మాటలు, ఇప్పుడు ఎంత వెతికినా దొరకలేదు. ముఠా అంతా చూస్తోంది. వీళ్ల ముందే కదా ఎగతాళి చేసింది, వీళ్ల ముందే అనాలి.

"కోటేశ్వరీ" అంది. "తప్పయిపోయిందే. నాది చాలా తప్పు."

కోటేశ్వరి తలెత్తి ఆవిడ కళ్లలోకి చూసింది. పర్లేదులే పిన్నీ అంటుందని రాఘవమ్మ అనుకుంది, మిగతావాళ్లూ అనుకున్నారు. నిజం చెప్పాలంటే సుబ్బరావమ్మ కూడా అనుకుంది.

"పరాయి ఊళ్లో నీ పరువు తియ్యకూడదని అట్లా చెప్పాను పిన్నీ" అంది కోటేశ్వరి. "నీ మీద కోపం లేక కాదు. ఉంది. ఆ టీ రోజు నుంచీ ఉంది. నేను చచ్చిపోతానేమోనని భయపడుతుంటే మీరంతా నవ్వారు. ఇంటికి పోయి ఎవరికీ చెప్పుకోలేదు. పని పోద్దని..."

ఊపిరి అందక ఆగిపోయింది. మందు నోట్లో పెట్టుకుని అందరి ముందే ఒకసారి పీల్చింది. రెండోసారికి ఒక నిమిషం ఆగాలి. ఆమె చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది. సుబ్బరావమ్మ నోరెత్తకుండా నిలబడింది.